బీరన్న పోసిన సాక

కౌసల్యకు రోత ఎక్కువ. పుట్టుకతోనే అంత అని వాళ్ళమ్మ సోమమ్మ అంటుంది కానీ, అది వట్టి మాట. గొర్రెల దొడ్డి పక్కన పుట్టి, పెంటికల మీద దోగాడి, గొర్రెపాలు తాగి పెరిగిన పిల్లకు పుట్టుకతో రోత ఎక్కడి నుంచి వస్తుంది? నల్లగొండలో చదువుకోవడానికి హాస్టల్లో చేరినప్పుడు పక్కమంచం అమ్మాయి దుప్పటి వాసన చూసి, "ఏందే గిది, గొర్రెల మందల పండుకొని వచ్చినవా?" అని నవ్వింది. అదిగో, ఆనాడు లేచింది ముక్కు. లేచిన ముక్కు మళ్ళీ దిగలేదు.

అప్పటి నుంచి కట్టంగూర్ దగ్గరి తమ పల్లెకు ఎప్పుడొచ్చినా ముందు ముక్కు వచ్చేది, ఆ వెనక మనిషి వచ్చేది. చెంబు ఎంగిలిదా కాదా అని అడిగేది. మంచం వాకిట్లోకి గాలి మొహాన వేయించుకునేది. చందనం సబ్బు సంచిలో తనే తెచ్చుకుని, వాడుకుని, మళ్ళీ డబ్బాలో పెట్టి మూత బిగించేది. తండ్రి బీరన్న భుజం మీద ఎప్పుడూ ఉండే గొంగడిని అయితే చూపులతోనే పక్కకు నెట్టేది. బీరన్న అది గమనించి నవ్వుకునేవాడు. చదువుకున్న బిడ్డకు ఆ మాత్రం ఉండొద్దా అనేది ఆయన లెక్క.

చదువు అయ్యాక కంప్యూటర్ కూడా నేర్చుకుని, నల్లగొండలోనే ఒక ప్రాజెక్టు ఆఫీసులో చేరింది. ఏ ఊరి బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎంతుందో పరీక్ష చేయించి లెక్క తీసే ప్రాజెక్టు అది. ఊరూరా తిరిగి సీసాల్లో నీళ్ళు పట్టుకురావడం, ఫలితాలు వచ్చాక కంప్యూటర్లో ఎక్కించడం కౌసల్య పని. పని మీద ఆమెకు ప్రాణం. వంగిన కాళ్ళ పిల్లలున్న ఇళ్ళు చూసి వచ్చిన రోజు అన్నం తినేది కాదు. ఈ ఉద్యోగం పోతే తన బతుకు మళ్ళీ ఆ దొడ్డిలోకే వచ్చి పడుతుందన్న భయం కూడా ఆమెకు అంతే ఉండేది.

ఆ ఆఫీసులోనూ ఒక రోత ఉంది. సారు బల్ల మీది స్టీలు గ్లాసు.

సారు హైదరాబాదు మనిషి. ఇస్త్రీ మడత నలగకుండా వచ్చేవాడు, మాట చక్కెరపాకం. కానీ నోట్లో పొద్దస్తమానం గులాబీ వాసన కొట్టే జర్దా కిళ్ళీ. ఉమ్మడానికి లేచి వెళ్ళడం ఎందుకని బల్ల మీదే ఒక గ్లాసు పెట్టుకున్నాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ దాన్ని అందుకుని, పెదాలకు ఆనించి, చిక్కటి ఎర్రటి ఉమ్మిని అందులోకి జారవిడిచేవాడు. జారింది తెగక గడ్డం దాకా సాగేది. అటెండర్ ఇస్రాయేలు రోజూ పొద్దున మొహం పక్కకు తిప్పుకుని ఆ గ్లాసు కడిగేవాడు. ఇంకా సారుకు తీరిక దొరికితే బల్ల ముందే గోళ్ళు తీసుకునేవాడు. తీసిన గోళ్ళు ఎటు ఎగిరిపోతున్నాయో ఆయనకు పట్టేది కాదు. కౌసల్య మాత్రం ఒక్కో టిక్కు చప్పుడుకూ తన కుర్చీ కాస్త వెనక్కి జరుపుకునేది. అయినా ఉద్యోగం కదా, సారు కదా. ముక్కును అదుపులో పెట్టుకునేది.

అది తొంభై ఎనిమిది. ఒళ్ళో పెట్టుకునే కంప్యూటర్‌ను జిల్లాలో చూసిన వాళ్ళే తక్కువ. ఆఫీసుకు అటువంటిది ఒకటి ఉండేది కానీ చాలా రోజులుగా కనిపించలేదు. సర్వీసుకు హైదరాబాదు పోయిందని సారు చెప్పాడు. దసరా ముందురోజు సాయంత్రం ఆ ల్యాప్‌టాప్ సంచిని తెచ్చి అందరూ చూస్తుండగా కౌసల్య చేతిలో పెట్టాడు.

"సోమవారం హైదరాబాదు నుంచి పెద్దవాళ్ళు వస్తున్నారు. సెలవుల్లో ఇంట్లో కూర్చుని లెక్కలన్నీ ఇందులో ఎక్కించి తీసుకురా. నీకు కాబట్టి ఇస్తున్నాను. జాగ్రత్త కౌసల్యా, దీనికేమన్నా అయితే నువ్విక ఆఫీసుకు రానక్కర్లేదు."

నీకు కాబట్టి అన్న మాట ఒక్కటే ఆ పిల్ల చెవిలో పడింది. బస్సులో సంచిని ఒళ్ళో పెట్టుకుని, పసిపిల్లను ఎత్తుకున్నట్టు చేతులు అడ్డం పెట్టి కూర్చుంది. ఊళ్ళో దిగేసరికి కరెంటు లేదు. రేపు చూద్దాం లెమ్మని సంచి విప్పకుండానే దూలానికి తగిలించింది.

పొద్దున తలంటుకుని, తడిజుట్టుకు తువ్వాల చుట్టుకుని వాకిట్లోకి వచ్చిన కౌసల్య అక్కడే కొయ్యబారిపోయింది.

వేపచెట్టు కింద అలికి ముగ్గు వేసి, బీరన్న పనిముట్లన్నీ వరుసగా పేర్చాడు. బొచ్చు కత్తిరించే కత్తెర, గొడ్డలి, కొడవలి, పాల ముంత, చేతికర్ర. వాటి నడుమ, పీట మీద, పెళ్ళికొడుకు కూర్చున్నట్టు మూత తెరుచుకుని ల్యాప్‌టాప్. నల్లటి మీటల నిండా పసుపు, కుంకుమ. ఈత కల్లు నురగ మీటల సందుల్లోకి బుసబుస ఇంకిపోతూ ఉంది. బీరన్న ఒక చేత్తో ఖాళీ అయిన కల్లు ముంత, ఇంకో చేత్తో తల తెగిన కోడిపిల్లను పట్టుకుని వరుస పొడుగునా తిప్పుతున్నాడు. కోడి ఇంకా కాళ్ళు తన్నుకుంటూ ఉంది. నెత్తురు టపటపా రాలి, నురగలో కలిసి, గులాబీ రంగు బుడగలై లేస్తూ ఉంది.

"బాపూ! ఏం జేస్తున్నవ్!"

"దసరా గద, పనిముట్లకు సాక పోస్తున్న బిడ్డా. గట్ల మొత్తుకుంటవేందే?" అన్నాడు బీరన్న, పండగపూట అరిచినందుకు నొచ్చుకుంటూ. "నాకు కత్తెర బువ్వ పెడ్తది, నీకు గిది పెడ్తది. కత్తెరకు పోసి నీ మిషినికి పొయ్యకుంటె మైసమ్మ ఏమనుకుంటది? ముంత మూతి ఇప్పంగనే ఎవ్వలు నోరు వెట్టకముందు మొదాలు దీనికే పోసిన."

కౌసల్య పరిగెత్తి దాన్ని లాక్కుంది. ఒంచితే సందుల్లోంచి కల్లు, నెత్తురు కలిసి చీర కుచ్చిళ్ళ మీద కారింది. పులిసిన వాసన, పచ్చినెత్తురు వాసన, తడిసిన ఈకల వాసన మూడూ ఒక్కసారి ముక్కుకు కొట్టాయి. గోడ పక్కకు ఉరికి వాంతి చేసుకుంది. నోరు తుడుచుకుని వచ్చి మీట నొక్కింది. వెలగలేదు. మళ్ళీ మళ్ళీ నొక్కింది. ఎర్రదీపం కూడా మిణుకుమనలేదు.

"సచ్చింది. నా నౌకరి గూడ సచ్చింది. సంపినవ్ బాపు."

బీరన్న చేతిలో కోడి అప్పటికి తన్నుకోవడం మానేసింది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక అట్లాగే పట్టుకుని నిలబడ్డాడు.

నల్లగొండ బస్సులో కౌసల్య ముందు సీట్లో కూర్చుంది. తువ్వాలలో చుట్టిన ల్యాప్‌టాప్ ఒళ్ళో, లెక్కల కాగితాలున్న సంచి భుజాన ఉన్నాయి. నేనూ వస్తానని ఎక్కిన బీరన్న గొంగడితో వెనక నిలబడ్డాడు. పండగబట్టల్లో ఉన్న ఒకావిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, "ఎవలమ్మా గా ముసలోడు?" అని అడిగితే కౌసల్య కిటికీలోంచి బయటికి చూసింది. ఎవరో తనకు తెలియదన్నట్టే చూసింది.

నల్లగొండలో గడియార స్తంభం దగ్గర దుకాణాలన్నీ బందు. నూరుద్దీన్ రేడియో రిపేరు దుకాణం ఒక్కటే తెరిచి ఉంది. నూరుద్దీన్ రేడియోలు, టేపులు, టీవీలు బాగుచేస్తాడు. ఆఫీసు కంప్యూటర్ తెర పాడైనప్పుడు కూడా ఆయనే చూశాడు, అందుకే ఆ పిల్లకు తెలుసు. చెవిలో అత్తరు దూది, మల్లెపువ్వులాంటి లాల్చీ. బొద్దింకలున్న టీవీ వస్తే పట్టకారుతో మూత తీసే మనిషి. తువ్వాల విప్పి చూడగానే కుర్చీతో సహా వెనక్కి జరిగాడు.

"యా అల్లా! ఏంది బిడ్డా గిది? మిషినా, కోళ్ళ దుకాణమా?"

కౌసల్య చెప్పింది. సోమవారం దాకే గడువని, బాగు కాకపోతే ఉద్యోగం పోతుందని చెప్పింది. నూరుద్దీన్ చేతి రుమాలు ముక్కుకు కట్టుకున్నాడు.

"కల్లు, నెత్తురు! రేపు జుమ్మా నమాజు ముంగట పెట్టుకొని నేను ముట్టుకుంటనా? తోబా తోబా. గింత చిన్నగున్న కంప్యూటర్ నేను ఎన్నడు ఇప్పలే గూడ. నాకైతె సచ్చిందనే అనిపిస్తాంది."

"చిచ్చా, నీ కాళ్ళు మొక్కుత."

ఆయన కొంతసేపు తల అడ్డంగా ఊపాడు. తర్వాత స్క్రూడ్రైవర్‌ను బల్ల మీద ఆమె వైపు దొర్లించాడు. "నువ్వే ఇప్పు. నేను ఈడ కూసొని చెప్త. మొదాలు బ్యాటరీ గుంజు. అది లోపలుండంగ మీటలు ఒత్తినవా? అరె, ఏం సదువు సదివినవ్!"

అట్లా ఎవరి గ్లాసులోనూ నీళ్ళు తాగని కౌసల్య చేతిలోకి ఆ పని వచ్చి పడింది. స్క్రూలన్నీ తీసి, మీటల పలక సందులో గోరు పెట్టి లేపింది. బంక సాగింది. దసరా ఎండకు లోపల కల్లు అప్పుడే పులిసిపోయి, పాచినోరు తెరిచినట్టు గుప్పుమంది. ఎప్పుడు దూరాయో చీమలు. నెత్తురు జీడిలాగ గడ్డకట్టి వేళ్ళకు అంటుకుంది. ఒక ఈక. ఛీ. కళ్ళల్లో నీళ్ళు, నోట్లో ఉప్పటి లాలాజలం. మింగితే రోత, ఉమ్మితే రోత.

అదిగో ఆ సమయంలో, ఏం చేస్తుందో చూద్దామని బీరన్న ఆమె భుజం మీదుగా వంగాడు. గొంగడి అంచు మెడకు తాకింది. చెమట, గొర్రె కొవ్వు, ఏళ్ళనాటి వానలు, ఆ వాసన మొత్తం ఆమె మీద కప్పుకున్నట్టయింది.

"జర దూరం పో బాపూ! నీ కంపుకే డోకొస్తాంది నాకు!"

నూరుద్దీన్ తల పైకెత్తి ఇద్దరినీ చూసి మళ్ళీ దించుకున్నాడు. బీరన్న వెనక్కి జరిగాడు. గొంగడిని దగ్గరికి మడిచి చంకలో పెట్టుకున్నాడు. మెట్లు దిగి, రోడ్డు పక్క మురికినీళ్ళ మోరి దగ్గర గొంతుక్కూర్చున్నాడు. మోరి కంపు కొడుతూ ఉంది. దాని పక్కన తన వాసన ఎవరికీ తెలియదులే అనుకున్నాడేమో.

"లోపటికి పోయిన నెత్తురంత కడగాలె. ఉడుకునీళ్ళు తెస్తనుండు," అని నూరుద్దీన్ లేవబోతే, కింది నుంచే అన్నాడు బీరన్న, "ఉడుకునీళ్ళు వద్దు సాబ్. గడ్డగట్టి ఇంక పట్టుకుంటది. సల్లనీళ్ళే పొయ్యుండ్రి."

బ్యాటరీల్లో పోసే నీళ్ళ సీసా తెచ్చి ఇచ్చాడు నూరుద్దీన్. కౌసల్య పాత పళ్ళబ్రష్‌తో తోమింది. నురగ పోయింది, పసుపు పోయింది, నెత్తురు కరిగి గులాబీ రంగు నీళ్ళై పళ్ళెంలోకి దిగింది. అనుకున్నదాని కంటే తేలికగానే వదిలింది. కానీ దాని కింద, పచ్చటి పలక మీద ఇంకో పొర బయటపడింది. ఇటుక రంగులో, ఎండి పెచ్చులు కట్టి, అంచుల్లో చిలుము పట్టి ఉంది. ఎంత తోమినా కదలలేదు.

"ఇంకెంత నెత్తురు పోసినవయ్యా?" అన్నాడు నూరుద్దీన్ విసుగ్గా.

బీరన్న మెట్టు మీదికి ఒక కాలు పెట్టి, బిడ్డకు తగలకుండా మెడ మాత్రం సాచి చూశాడు. "గది నా కోడిది గాదు సాబ్. నెత్తురు ఎండితె నల్లగైతది. ఎర్రగుండదు." మళ్ళీ దిగి మోరి పక్కకు పోయాడు.

కౌసల్య బ్లేడుతో గీకింది. పెచ్చు ఊడి కాగితం మీద పడింది. అందులో సన్నగా తరిగిన వక్కముక్కలు. సున్నం గడ్డ. నెలవంకలాగ వంగిన మురికి గోరు ఒకటి, దానికి అతుక్కుని ఇంకొకటి. ఆమె ముక్కు దగ్గరికి తెచ్చుకోకుండానే వాసన వచ్చింది. గులాబీ జర్దా.

చేతిలోంచి బ్లేడు పడిపోయింది. ఎండాకాలంలో ఒకనాడు సారు గదిలో గ్లాసు ఒలికిన చప్పుడు, "ఇస్రాయేలూ! గుడ్డ తీసుకురా!" అన్న కేక గుర్తొచ్చాయి. ఆ మర్నాటి నుంచే ల్యాప్‌టాప్ కనిపించకుండా పోయింది. సర్వీసుకు పోలేదు. అది సారు బీరువాలోనే కుళ్ళింది. సెలవులకు ముందు, అందరూ చూస్తుండగా, తన చేతికి వచ్చింది.

"ఎంగిలి," అంది కౌసల్య. "ఇది ఉమ్మి చిచ్చా. మా సారు ఉమ్మి."

నూరుద్దీన్ లేచి దుకాణం బయటికి వెళ్ళి థూ అని మోరిలో ఉమ్మి వచ్చాడు. "గందుకే నువ్వు మీట ఒత్తితె వెలగలే. నీ నాయిన పొయ్యకముందే ఇది సచ్చుంది. కోడి నెత్తురు కడిగితె పోతది. మనిషి ఎంగిలి కడిగించిండు నీతోటి. థూ, వాని బతుకు!"

కౌసల్య గంటల తరబడి తన చేతులను చూసుకుని ఏడ్చేదే, కానీ ఏడవడానికి కూడా రోత పుట్టింది. చూద్దామని ముట్టుకున్న సున్నం గడ్డ ఒకటి గోటి సందులో ఇరుక్కుంది. సారు తనను నమ్మాడనుకుని బస్సులో పసిపిల్లను మోసినట్టు మోసింది దేన్ని? ఆయన ఉమ్మిన గ్లాసును. స్పిరిట్ పోసి మళ్ళీ మళ్ళీ గీకింది. గీకిన పెచ్చులను నూరుద్దీన్ మోరిలో పారేయమన్నాడు. ఆమె పారేయలేదు. కాగితంలో పొట్లం కట్టి సంచి పక్క జేబులో పెట్టింది.

గొర్రెలు ఇంటికొచ్చే పొద్దు కావస్తోందని బీరన్న లేచాడు. "పోయొస్త బిడ్డా," అన్నాడు దూరం నుంచే. ఆమె తల ఎత్తకుండానే ఊ అంది. సాక పోసినందుకు తిట్టిన తిట్లు వెనక్కి తీసుకోవాలని అప్పుడు తోచలేదు. ఆ సాక పోసి ఉండకపోతే పలక విప్పేదే కాదు కదా, చచ్చినదాన్ని చచ్చినట్టే తీసుకుపోయి సారు చేతిలో పెట్టి నెత్తిన నింద వేసుకునేది కదా అని కూడా తోచలేదు.

అట్టపెట్టెలో బల్బు వేలాడదీసి, కోడిపిల్లలకు వెచ్చదనం పెట్టినట్టు, ముక్కలన్నిటినీ అందులో ఆరబెట్టారు. శుక్రవారం అట్లానే ఉంచారు. కౌసల్య స్నేహితురాలి గదిలో పడుకుంది. శనివారం పొద్దున నూరుద్దీన్ రుమాలు లేకుండానే కూర్చుని, చిలుము తిన్న చోట తీగలు అతికి, పలక బిగించాడు. ఇప్పుడు అది తనకంటే శుభ్రంగా ఉందన్నాడు. మీట నొక్కితే ముందు ఏమీ కాలేదు. తర్వాత లోపల ఏదో గిర్రున తిరిగిన చప్పుడు వచ్చి, తెర తెల్లగా వెలిగింది. కౌసల్యకు నవ్వు రాలేదు. అక్కడే ఆ దుకాణంలో కూర్చుని ఆదివారం సాయంత్రం దాకా ఊరూరి లెక్కలన్నీ ఎక్కించింది.

సోమవారం కౌసల్య సారు గదిలోకి వెళ్ళేసరికి హైదరాబాదు వాళ్ళు వచ్చి కూర్చుని ఉన్నారు. వాళ్ళల్లో పెద్దావిడ నిర్మలమ్మ గారు కళ్ళద్దాలు తుడుచుకుంటూ ఉన్నారు. కౌసల్య భుజాన సంచి చూడగానే సారు మొదలుపెట్టాడు.

"ఈ అమ్మాయే మేడమ్, ల్యాప్‌టాప్ ఇంటికి తీసుకెళ్ళింది. పల్లెటూరు, గొర్రెల కాపర్ల ఇల్లు. మొన్నటిదాకా బ్రహ్మాండంగా పనిచేసింది. ఇప్పుడు ఏం చేసి తెచ్చిందో ఏమో. ఆన్ కాకపోతే నన్ను అనకండి."

కౌసల్య దాన్ని బల్ల మీద పెట్టి మీట నొక్కింది. తెర వెలిగింది.

"ఇది... ఆన్ అయ్యిందా?" అన్నాడు సారు. నోట్లో కిళ్ళీ ఉన్న సంగతి మరిచి నోరు తెరిచే ఉంచాడు. పెదవి చివర ఎర్రటి బొట్టు ఒకటి ఊరి నిలిచింది. నిర్మలమ్మ గారు ఆయన మొహంలోకి వింతగా చూశారు. ఆయన గబుక్కున ముక్కు చిట్లించి నవ్వాడు. "ఏదో కంపు వస్తోంది చూశారా మేడమ్? గొర్రెల కంపు. ఎంత చదివినా పోదు."

అదే మాట నాలుగు రోజుల కిందట తను అన్నది. ఇప్పుడు ఆ నోట్లోంచి, ఆ ఎర్రటి పళ్ళ మధ్య నుంచి వింది కౌసల్య. సంచి పక్క జేబులోంచి పొట్లం తీసి, ఆయన ముందు విప్పింది.

"కంపు మా ఇంటిది గాదు సార్. గిది మీది. ఈ మిషిన్ లోపట దొరికింది. వక్క, సున్నం, జర్దా, మీ గోళ్ళు. మీ గ్లాసు ఒలికి సచ్చిన దాన్ని నా చేతుల పెట్టిండ్రు. నా చేతులతోని మీ ఎంగిలి గీకిన. తీసుకోండ్రి."

నిర్మలమ్మ గారు వంగి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కుర్చీ వెనక్కి జరిపారు. సారు ఎర్రబడి, "ఇస్రాయేలూ! గుడ్డ తీసుకురా!" అని కేకేశాడు. ఇస్రాయేలు గుడ్డతో గుమ్మంలోకి వచ్చాడు.

"నువ్వు ముట్టకు అన్నా," అంది కౌసల్య. "ఎవలిది వాళ్ళే ఎత్తుకుంటరు."

ఇస్రాయేలు గుడ్డను సారు ముందు బల్ల మీద పెట్టి బయటికి వెళ్ళిపోయాడు. సారు ఎత్తుకున్నాడు. అందరూ చూస్తుండగా, వేళ్ళ చివర్లతో ఎత్తుకున్నాడు. ఆ తర్వాత నిర్మలమ్మ గారు లెక్కలన్నీ కౌసల్యనే అడిగారు, రేపు ఊళ్ళకు దారి చూపడానికి కూడా నువ్వే రా అన్నారు. ఉద్యోగం నిలిచింది.

ఈ కథంతా బాపుకు చెప్పాలని సాయంత్రం బస్సెక్కింది. సారు వేళ్ళ చివర్లతో ఎత్తుకున్న తీరు చేసి చూపించాలని దారంతా అనుకుంది. ఊరి బయట దిగి నడుస్తుంటే గొర్రెలు అరుస్తున్న చప్పుడు వినిపించింది. ఇంటికొచ్చే మంద అరుపులా లేదు. బెదిరిన అరుపు.

బీళ్ళో మంద చెదిరి ఉంది. బీరన్న నాలుక మడిచి రోజూ పిలిచే పిలుపే పిలుస్తున్నాడు. గొర్రెలు పిలుపు విని సగం దాకా వస్తున్నాయి, ముక్కులు ఎత్తుతున్నాయి, బెదిరి విడిపోతున్నాయి. పుట్టినప్పటి నుంచి ఆయన చంకలో పెరిగిన గొర్రెపిల్ల కూడా తల్లి వెనక దాక్కుంది. దగ్గరికి పోయేసరికి కౌసల్యకు కారణం తెలిసింది. భుజం మీద గొంగడి లేదు. ఉతికిన అంగీ, నున్నగా దువ్విన తల. ఆయన దగ్గర చందనం సబ్బు వాసన వస్తూ ఉంది.

బిడ్డను చూడగానే బీరన్న ఆగి, గాలి ఎటు వీస్తోందో చూసుకుని, గాలి తన మీది నుంచి ఆమె వైపు పోకుండా పక్కకు నడిచి నిలబడ్డాడు.

"మిషిను మంచిగయిందా బిడ్డా?"

"అయింది బాపు."

"నౌకరి?"

"ఉంది."

"గంతే చాలు," అన్నాడాయన. కాస్త ఆగి, సిగ్గుపడుతూ అడిగాడు. "ఇప్పుడైతె వాసన వస్తలేదు గద?"

ఇంట్లో సోమమ్మ పొయ్యి ముందు కూర్చుని గొణుగుతూ ఉంది. "దసరా తెల్లారినుంచి దినాం గిదే కత. డబ్బల ఉన్న నీ సబ్బంత అరగదీసిండు. గొంగడి బాయికాడ బండకేసి ఉతికిండు. గొంగడి ఎవలన్న సబ్బుతోని ఉతుకుతరా? మంద దగ్గరికి రాకుంటె, నా బిడ్డ వస్తది వస్తది అనుకుంట తిరుగుతాండు."

చెప్పాలనుకున్న కథ వదిలేసి కౌసల్య సబ్బు డబ్బా మూత తీసి చూసింది. సారు ఎంగిలిని ముందు నుంచీ ఓర్చుకుంది. సార్ అని పిలుస్తూ, ముక్కును అదుపులో పెట్టుకుని ఓర్చుకుంది. తండ్రిని మాత్రం మోరి పక్కన కూర్చోబెట్టింది. తన మీద తనకు పుట్టిన రోత ముందు ఆ పొట్లంలోది ఏపాటిది?

దండెం మీద ఆరేసిన గొంగడిని లాగింది. అది తేలికై, బొచ్చు రేగి, ఎవరిదో పరాయిదానిలాగ ఉంది. ఎత్తుకుని దొడ్డిలోకి నడిచింది. పెంటికలు, మూత్రం కలిసి తడిసి ముద్దయిన చోట గొంగడిని పరిచి, చెప్పులు విడిచి, చీర ఎత్తి చెక్కుకుని, దాని మీదికి ఎక్కి తొక్కడం మొదలుపెట్టింది. తడి వేళ్ళ సందుల్లోంచి పైకి వచ్చింది.

సోమమ్మ గరిటెతో పరిగెత్తుకొచ్చింది. "పిచ్చిగిట్ల లేసిందా? ఏం జేస్తున్నవే?"

"ఖరాబైంది గద అమ్మా. బాగుజేస్తున్న."

డోకు వచ్చింది. మొహం తిప్పుకుని దొడ్డి కంచె మీద చేయి ఆనించి కక్కుకుంది, మళ్ళీ వచ్చి తొక్కింది. గుమ్మం దగ్గర నిలబడ్డ బీరన్న దొడ్డి వైపు రెండడుగులు వేశాడు. తిప్పి, రెండో వైపు కూడా తొక్కి, కౌసల్య దాన్ని రెండు చేతులతో ఎత్తి, నీళ్ళు కారుతుండగానే తీసుకుపోయి ఆయన భుజాల మీద కప్పింది. కప్పి, చేతులు తీయకుండా అక్కడే నిలబడింది.

"ఇప్పుడు పిలువు బాపు," అంది.

బీరన్న పిలిచాడు. దొడ్డి బయట బెదిరి నిలబడ్డ మందలోంచి గొర్రెపిల్ల ముందుగా వచ్చింది.